తమ్ముడి రక్తంలో ఒక్క అక్షరం

మా తమ్ముడికి సైకిల్ జబ్బు ఉందని మా ఇంట్లో అందరం కొన్నేళ్ళపాటు నమ్మాం. ఇంట్లోనే కాదు, ఊళ్ళో కూడా. మా తెలుగు వీధిలోనూ, పక్కనున్న ఒడియా వీధిలోనూ ఎవరింటికి వాడు ఆడుకోవడానికి వెళ్ళినా, ముందు అక్కడి సైకిల్ తీసి పెరట్లో పెట్టేవారు.

మాది దిగపహండి నుంచి బరంపురం వెళ్ళే రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న ఊరు. నాన్నకి కొంచెం వరి పొలం, దాని గట్టున వంగతోట ఉండేవి. వారం వారం వంకాయల గంప సైకిల్ వెనక కట్టుకుని దిగపహండి సంతకి వెళ్ళేవాడు. ఆ సైకిల్ ఎవరి దగ్గరో పాతది కొన్నది. దాని గంట మాత్రం కొత్తదానికంటే బాగా మోగేది. తమ్ముడికి మాటలు రాకముందే ఆ గంట అంటే ప్రాణం.

వాడు నాకంటే ఆరేళ్ళు చిన్న. నెలల పిల్లాడిగా ఉన్నప్పుడే ఒకసారి వాడి చేతులూ పాదాలూ బూరెల్లా పొంగిపోయాయి. ముట్టుకుంటే చాలు, గుక్కపట్టి ఏడ్చేవాడు. నాలుగు రోజులకి వాపు తగ్గింది, మళ్ళీ కొన్నాళ్ళకి వచ్చింది. నడక వచ్చాక కాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. చలికాలం పొద్దున్నే మిగతా పిల్లలు నూతి దగ్గర చన్నీళ్ళు పోసుకుని కేరింతలు కొడుతుంటే, మా వాడు అరుగు మీద మోకాళ్ళు పొట్టకి ముడుచుకుని కూర్చునేవాడు. కళ్ళు ఎప్పుడూ పచ్చగానే ఉండేవి. నొప్పి బాగా ఎక్కువైనప్పుడు ఏడవడు కూడా. "అప్పా, ఎముకలో ఎవరో దంచుతున్నారే" అని అక్కనైన నాకు మెల్లిగా చెప్పేవాడు. అమ్మ మూకుట్లో ఇసుక వేయించి, గుడ్డలో మూట కట్టి, వాడి కాళ్ళకి కాపడం పెట్టేది. ఇసుక చల్లారిపోతే మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళేది. అమ్మ వచ్చేదాకా పిక్కలు పట్టుకుని కూర్చోవడం నా పని.

తాయెత్తులు కట్టించారు, పసర్లు పోయించారు, బరంపురం ఠాకురాణి అమ్మవారికి మొక్కుకున్నారు. ఏది చేసినా కొన్నాళ్ళు తగ్గినట్టే ఉండేది. మళ్ళీ వచ్చేది. అప్పుడు మామ్మ, అంటే మా నాన్న తల్లి, అరుగు చివర కూర్చుని అందరికీ వినబడేలా అనేది.

"మా ఇంటాకాడ ఇలాటి జబ్బు ఏ గుంటడికీ నేదు. ఇది ఆ ఇచ్ఛాపురం రగతం."

ఇచ్ఛాపురం అమ్మ పుట్టిల్లు. ఆ మాట విన్నా అమ్మ ఇసుక వేయిస్తూనే ఉండేది. నాన్న విననట్టే పశువుల దగ్గరికి వెళ్ళిపోయేవాడు. మామ్మ చెడ్డ మనిషి కాదు. తమ్ముడికి జ్వరం వస్తే తాను పస్తుండేది. కానీ ఆ మాట మాత్రం వదల్లేదు. దుఃఖాన్ని ఎవరి మీదో ఒకరి మీద పెట్టకపోతే ఆమెకి మోయడం కుదిరేది కాదేమో అని ఇప్పుడనిపిస్తుంది.

తమ్ముడికి ఏడేళ్ళప్పుడు ఒకసారి నొప్పితో పాటు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చి, ఊపిరి అందక ఆయాసపడ్డాడు. నాన్నా అమ్మా వాణ్ణి బస్సులో బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. వారం తర్వాత తిరిగొచ్చారు. వాడు బక్కచిక్కిపోయినా, నవ్వుతూ బస్సు దిగాడు. ఇంటి ముందు జనం మూగారు. నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పాడు.

"రగతం సూసినారు. ఇది సైకిల్ జబ్బంట. డాట్రుబాబు మల్లీ మల్లీ సెప్పినాడు, సైకిల్, సైకిల్ అని. నీల్లు బాగా తాగాలంట, సలిలో తిరగకూడదంట, జొరం ఒత్తే ఎంటనే తీసుకురావాలంట. రోజూ ఒక మాత్ర."

డాక్టరు ఒడియాలో చెప్పాడు, మధ్యలో ఇంగ్లీషు మాటలు కలిపాడు. నాన్నకి ఒడియా బాగా వచ్చు. ఇంగ్లీషు మాటల్లో మాత్రం తెలిసినది ఒక్కటే చెవిన పడింది. నీళ్ళ మాటా, చలి మాటా సరిగ్గానే విన్నాడు. జబ్బు పేరు దగ్గరే తేడా వచ్చింది. ఆ మర్నాడే సైకిల్ని తాళ్ళతో కట్టి, పశువుల శాల దూలానికి వేలాడదీశాడు. అప్పటి నుంచి వంకాయల గంప నెత్తిన పెట్టుకుని రోడ్డుదాకా నడిచి, బస్సెక్కి సంతకి వెళ్ళేవాడు. తమ్ముడు మాత్రం ఎవరూ చూడనప్పుడు గడ్డివాము ఎక్కి, చెయ్యి చాపి, ఆ వేలాడే సైకిల్ గంట ఒక్కసారి మోగించి దిగిపోయేవాడు. అది మోగిందంటే వాడికి ఆ రోజు నొప్పి లేదని అమ్మకి తెలిసేది. కేకలేసేది కాదు.

నేను దిగపహండి హైస్కూల్లో చదివి, బరంపురం కాలేజీలో చేరాను. ఎనభైల మొదటి రోజులు అవి. మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, బడా బజార్లో ఉండేది, వాళ్ళింట్లోనే ఉన్నాను. ముందు పప్పులూ ఎండుమిరపకాయలూ అమ్మే కొట్టు, వెనక ఇల్లు. బస్తాలు దించిన రోజున ఇల్లంతా ఘాటు. పుస్తకం ముందు కూర్చుని తుమ్ముతూ చదివేదాన్ని. బీఎస్సీలో జంతుశాస్త్రం తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నావని అడిగితే, డాక్టరు చదువుకి సరిపడా మార్కులు రాలేదని చెప్పేదాన్ని. తమ్ముడి సంగతి చెప్పేదాన్ని కాదు.

మాకు జీవకణం గురించి చెప్పిన మేడమ్ ఒడియా ఆవిడ. లావుపాటి కళ్ళద్దాలు, పొడుగు చేతుల జాకెట్టు. ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పి, వెనకే ఒడియాలో అదే చెప్పి, "బుఝిల?" అని అడిగేది. అర్థమైందా అని. మేము తలలూపినా నమ్మేది కాదు. ఎవరో ఒకరిని లేపి చెప్పించేది.

ఆ రోజు పాఠం ప్రోటీన్ల గురించి. ఒంట్లో జరిగే పనుల్లో ఎక్కువ భాగం చేసేవి ప్రోటీన్లే అని మొదలుపెట్టింది. తిన్నది అరగడం, కండ కదలడం, రక్తం గాలిని మోయడం, అన్నీ. వాటిని ఎలా తయారుచేయాలో కణం నడుమనున్న కేంద్రకంలో రాసి ఉంటుంది. ఆ రాతే డీఎన్ఏ. అందులో ఉన్నవి నాలుగే అక్షరాలు. వేమనకైనా వంటవాడికైనా ఏభైకి పైగా అక్షరాలు కావాలి, కణానికి నాలుగు చాలు అనుకున్నాను నేను. ఆ రాత కేంద్రకం దాటి బయటికి రాదు. అందుకని, కావలసిన ప్రోటీనుకి సంబంధించిన భాగం మటుకు ఒక నకలు తయారవుతుంది. దాని పేరు ఆర్ఎన్ఏ. ఆ నకలు బయటికొచ్చి, రైబోజోమ్ అనే చిన్న యంత్రం లాంటిదాని దగ్గరికి చేరుతుంది. రైబోజోమ్ ఆ నకలుని మొదటి నుంచి మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. ప్రతి మూడక్షరాలకీ ఒక అమైనో ఆమ్లం. దాన్ని మోసుకురావడానికి వేరే చిన్న ఆర్ఎన్ఏలు ఉంటాయి. ఒకదాని పక్కన ఒకటి చేరి గొలుసవుతుంది. ఆపమని చెప్పే మూడక్షరాలు వచ్చేదాకా ఇదే పని. గొలుసు పూర్తయ్యాక దానంతటదే మెలికలు తిరిగి ఒక ఆకారానికి వస్తుంది. ఆ ఆకారాన్ని బట్టే అది చేసే పని.

"ఇదంతా ఇప్పుడు మీ ఒంట్లో జరుగుతోంది. నేను ఈ వాక్యం పూర్తిచేసేలోపు లెక్కలేనన్ని గొలుసులు తయారైపోయాయి" అంది మేడమ్. క్లాసులో ఎవరో తమ చేతులు చూసుకున్నారు. నేనూ చూసుకున్నాను.

తర్వాత, అక్షరం తప్పితే ఏమవుతుందో చెప్పింది. రక్తంలో గాలిని మోసే ప్రోటీను హిమోగ్లోబిన్. దాంట్లో ఒక రకం గొలుసులో నూట నలభైకి పైగా అమైనో ఆమ్లాలున్నాయి. డీఎన్ఏలో ఒకే ఒక్క అక్షరం మారిందనుకోండి. నకలులోనూ అదే మారుతుంది. రైబోజోమ్‌కి తప్పూ ఒప్పూ తెలియదు, రాసింది రాసినట్టు చదువుతుంది. ఆరో చోట ఒకటి రావలసింది ఇంకొకటి వస్తుంది. మిగతాదంతా సరిగ్గానే ఉంటుంది. కానీ ఆ హిమోగ్లోబిన్ అణువులు గాలిని వదిలేశాక, ఒకదానికొకటి అతుక్కుని కడ్డీల్లా పేరుకుంటాయి. గుండ్రంగా, మెత్తగా ఉండవలసిన ఎర్ర కణం వంకర తిరుగుతుంది. అలాంటి కణాలు సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుని దారి మూసేస్తాయి. అక్కడ నొప్పి. ఆ కణాలు తొందరగా చచ్చిపోతాయి. అందుకే పాలిపోవడం, కళ్ళు పచ్చబడడం. పసిపిల్లలకైతే చేతులూ పాదాలూ వాస్తాయి.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

మేడమ్ బోర్డు మీద ఒక వంకర కణం గీసి, పక్కన ఇంగ్లీషులో రాసి, గట్టిగా చదివింది. "సికిల్." ఒడియాలో "దాఆ" అని, వరి కోస్తున్నట్టు చెయ్యి ఆడించి చూపించింది. కొడవలి.

సికిల్. సైకిల్.

నేను లేచి నిలబడ్డాను. ఏదైనా అడగాలని కాదు. కూర్చోలేకపోయాను, అంతే. మేడమ్ "ఏమిటమ్మా?" అని అడిగింది. "మా తమ్ముడు" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం చూసి, "క్లాసయ్యాక రా" అని పాఠంలోకి వెళ్ళిపోయింది.

క్లాసయ్యాక ఆవిడ గదిలో అంతా చెప్పాను. చేతుల వాపు నుంచి దూలానికి వేలాడే సైకిల్ దాకా. సైకిల్ దగ్గర ఆవిడ పెదవులు కదిలాయి గాని నవ్వలేదు. "దసరా పూజ సెలవుల ముందు మీ వాణ్ణి తీసుకురా. నీ క్లాసు వాళ్ళకి చూపించడానికి కాదు. వాడికి చూపిద్దాం. వాడి ఒంట్లో ఏముందో వాడు చూడొద్దూ?" అంది.

నాన్నా తమ్ముడూ వచ్చారు. వాడికి అప్పటికి పన్నెండేళ్ళు దాటాయి, చూస్తే ఎనిమిదేళ్ళ పిల్లాడిలా ఉండేవాడు. కొత్త చొక్కా తొడుక్కున్నాడు. మేడమ్ వాడి వేలు తుడిచి, సూదితో గుచ్చి, గాజు పలక మీద ఒక చుక్క తీసింది. దాని మీద ఏదో మందు చుక్క వేసి, పైన పల్చటి గాజుబిళ్ళ పెట్టి, అంచులు మూసేసింది. కాసేపు ఆగాలంది. ఆ కాసేపట్లో వాడికి పల్లీలు పెట్టింది. తర్వాత స్టూలెక్కించి మైక్రోస్కోపులో చూడమంది.

వాడు చాలాసేపు కన్ను తీయలేదు.

"ఇవి నావేనా?"

"నీవే."

"కొన్ని గుండ్రంగానే ఉన్నాయి."

"ఉంటాయి. నువ్వు గాలి బాగా పీల్చి, నీళ్ళు బాగా తాగి, వెచ్చగా ఉంటే ఎక్కువ గుండ్రంగానే ఉంటాయి."

వాడు మళ్ళీ చూశాడు. "అప్పా, కొడవల్లే ఉన్నాయే. మరి అందుకే కోత్తాదేమో" అన్నాడు నాతో, తెలుగులో. ఎముకలో దంచుతున్నారని చెప్పుకునే పిల్లాడికి దంచేవాడెవరో కంటబడ్డాడు. వాడి మొహంలో భయం లేదు. ఒక రకమైన తృప్తి ఉంది. తన నొప్పి ఉత్తి మాట కాదని రుజువైనట్టు.

నాన్న కూడా చూశాడు. తల పైకెత్తి, చేతులు కట్టుకుని, మేడమ్‌ని ఒడియాలో అడిగాడు. "అయితే సైకిలుకీ దీనికీ ఏ సంబంధమూ లేదా, అమ్మా?"

"ఏమీ లేదు. అలిసిపోకుండా తొక్కుకోనివ్వండి. అలుపొస్తే ఆగమనండి."

నాన్న బయటికి వెళ్ళి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అని దగ్గరికెళ్ళాను. నవ్వుతున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "ఇన్నేల్లు గంప నెత్తిన మోసినానే" అన్నాడు. తర్వాత తువ్వాలు మొహం మీద వేసుకున్నాడు. అప్పుడు నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

ఊరెళ్ళిన సాయంత్రమే సైకిల్ దూలం మీంచి దిగింది. గొలుసు తుప్పు పట్టి, టైర్లు ఎండిపోయి ఉన్నాయి. వాటిని బాగుచేయించడానికే పూజ సెలవులన్నీ సరిపోయాయి. తమ్ముడు తొక్కడం నేర్చుకున్నాడు. పడ్డాడు, మోకాలు చెక్కుకుంది. ఆ దెబ్బని ఊరంతా తిరిగి చూపించాడు.

మేడమ్ ఇంకో మాట కూడా చెప్పింది. ప్రతి మనిషికీ ఒక్కో రాత రెండు ప్రతుల్లో ఉంటుంది, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. ఒక్క ప్రతిలో తప్పుంటే జబ్బు రాదు, రెండో ప్రతి సరైన ప్రోటీను తయారుచేస్తూ ఉంటుంది. రెండింట్లోనూ తప్పుంటేనే జబ్బు. కాబట్టి అమ్మా నాన్నా ఇద్దరూ రక్తం చూపించుకోవాలి, నేనూ చూపించుకోవాలి. ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. ముగ్గురికీ ఒకటే ఫలితం. ఒక ప్రతి సరైనది, ఒక ప్రతి తప్పు.

ఆ సంగతి అమ్మకి అర్థమయ్యేలా చెప్పడం నా వంతైంది. ఇంటి వెనక గుమ్మంలో కూర్చుని అమ్మ కనకాంబరాలు కడుతోంది. మధ్యలో మరువం రెబ్బలు పెడుతోంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మా, నువ్వు ఏ పువ్వు తర్వాత ఏది కట్టాలో నీకెవరో చెప్పారనుకో. అలా రాసి ఉంటుంది ఒంట్లో. ఒక్క చోట తప్పు రాసి ఉంది. కనకాంబరం రావలసిన చోట ముల్లున్న పువ్వు వస్తోంది. మిగతా దండంతా బాగానే ఉంది."

"ఆ ముల్లు నాను ఎట్టినదేనా?"

"నువ్వొక్కదానివే కాదు. తమ్ముడికి రెండు రాతలున్నాయి. ఒకటి నీది, ఒకటి నాన్నది. రెండింట్లోనూ ఆ తప్పుంది. నీది ఒక్కటే అయితే వాడికి జబ్బే రాదు. నాకు ఒక్కటే వచ్చింది. చూడు, నాకేమైనా ఉందా?"

అమ్మ చేతులు ఆగాయి. "మీ నాన్నకాడ కూడా ఉందా?"

"సమానంగా ఉంది."

అమ్మ దండ ఒళ్ళో పెట్టుకుంది. "డాట్రుబాబు సెప్పినాడా ఈ మాట?" అని మళ్ళీ అడిగింది. చెప్పాడన్నాను. "రెండోసారి సెప్పు" అంది. నేను మొదటి నుంచి మళ్ళీ చెప్పాను. ఆ వారంలో ఎన్నిసార్లు చెప్పించుకుందో. పాట విన్నట్టు వినేది.

మామ్మకి నాన్నే చెప్పాడు. పశువులకి గడ్డి వేసి వచ్చి, అరుగు మీద ఆమె పక్కన కూర్చుని, "అమ్మా, ఇచ్ఛాపురం రగతం ఒక్కటే కాదంట. మనదీ ఉందంట. నాలో ఉంది" అన్నాడు. తల్లి ముందు ఆయన అంత సూటిగా మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు.

మామ్మ నన్ను పిలిచింది. "ఒలే, సదువుకున్నదానా, ఇలా రా. మీ నాన్నకాడికి ఎలాగొచ్చింది? నాకాడనుంచా, మీ తాతకాడనుంచా?"

"తెలీదు మామ్మా. తాత లేడు కదా. నీ రక్తం చూస్తే తెలుస్తుంది."

అప్పుడు నాకు మేడమ్ చెప్పిన మూడో మాట గుర్తొచ్చింది. ఒక్క ప్రతి తప్పున్నవాళ్ళని మలేరియా అంత సులువుగా చంపలేదు. అందుకే చలిజ్వరాలు ఎక్కువున్న మా గంజాం జిల్లా లాంటి చోట్ల ఆ తప్పు రాత తరాలు దాటి నిలిచింది. అది చెప్పాను.

మామ్మ నుదురు ముడిచింది. ఆమె తోబుట్టువులు నలుగురు పసితనంలోనే చలిజ్వరంతో పోయారని మాకందరికీ తెలుసు. ఆమెకీ వచ్చిందట. కంబళ్ళు కప్పి, బతకదని బయట పడుకోబెట్టారట. పొద్దునకి లేచి గంజి అడిగిందట.

"అయితే ఆ రగతమే నన్ను బతికించిందేటి?"

"బతికించి ఉండొచ్చు. రక్తం చూపిస్తే కచ్చితంగా..."

"సూపించొద్దు" అంది. "ఆయన పోయినోడు, ఆయన్ని ఒగ్గేయ్. నాదే అనుకో."

కాసేపటికి అమ్మ నీళ్ళ బిందెతో వచ్చింది. మామ్మ ఆమెని చూసి, "బిందె దించి ఇలా రాయే. జుట్టంతా సింపిరిగా ఉంది. తల దువ్వుతాను" అంది. అమ్మ నమ్మలేనట్టు నిలబడింది. మామ్మ నూనె గిన్నె తెమ్మని నాకు చెప్పింది. అమ్మ మెట్టు మీద కూర్చుంది. మామ్మ వెనక కూర్చుని, చిక్కులు ఒక్కొక్కటే తీస్తూ, జడ వేసింది. ఆ తర్వాత మామ్మ నోట ఇచ్ఛాపురం మాట నేను వినలేదు.

నాకు చదువైపోయి, బరంపురంలోనే ఒక ఆడపిల్లల కాలేజీలో ఉద్యోగం దొరికాక, సంబంధాలు చూడడం మొదలైంది. నాకొక షరతు ఉందన్నాను. అబ్బాయి రక్తం చూపించుకోవాలి. నాలో ఒక ప్రతి ఉంది, అతనిలో కూడా ఉంటే పిల్లలకి మా తమ్ముడి బాధ రావచ్చు. మొదట పొలసర నుంచి వచ్చిన సంబంధం వాళ్ళు ఆ మాట విని, మర్యాదగా కాఫీ తాగి వెళ్ళి, జాతకాలు కలవలేదని కబురు పంపారు. నాన్న డీలాపడ్డాడు.

"ముందే సెప్పాలేటి? పెల్లయినాక సూసుకుందుం."

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఆమె నాన్న మాటకి ఎదురు చెప్పగా విన్నది అదే మొదటిసారి. "ముందే సెప్పాలి. నాకెవరూ సెప్పనేదు. ఎవరికీ తెలీదు గనక సెప్పనేదు. దానికి తెలుసు. సెప్పాలి."

రెండో సంబంధం బరంపురంలోనే. అతను తెలుగు బడిలో లెక్కల మాస్టారు, బడా బజార్లో పిన్ని వాళ్ళకి తెలిసిన కుటుంబం. పెళ్ళిచూపుల్లో అతని తల్లి విసుక్కుంది. "పెల్లికి ముందు పిల్ల సూపిత్తారు గాని, పిల్లోడి రగతం సూపించమంటారేటి?" నేను తలొంచుకోకుండా అంతా వివరించాను. రెండు ప్రతులు, ఒక అక్షరం, ఆరో చోటు. అతను మధ్యలో ఒక్కసారి ఆపి, "అంటే నలుగురిలో ఒకరికి వచ్చే అవకాశం, ప్రతిసారీ విడిగా?" అని అడిగాడు. అవునన్నాను. "అమ్మా, ఈవిడ అడిగింది సబబే. ఎల్దాం" అని లేచాడు.

ఆసుపత్రిలో అతనితో పాటు నేనూ వెళ్ళాను. సూది చూడగానే అతని మొహం తెల్లబోయింది. తల పక్కకి తిప్పుకుని, గోడ మీద ఉన్న పసిపిల్లల టీకాల బొమ్మని కళ్ళార్పకుండా చూశాడు. నర్సు నవ్వింది. "సూదంటే భయమా?" అని అడిగాను. "చిన్నప్పటి నుంచీ" అన్నాడు. ఫలితం రాకముందే, అంత భయం పెట్టుకుని కూడా కిమ్మనకుండా వచ్చిన మనిషి మీద నాకు ఇష్టం పుట్టింది. ఫలితం వేరుగా వచ్చుంటే ఏం చేసేదాన్నో తెలియదు. వచ్చింది మాత్రం మంచిదే. అతనిలో ఆ తప్పు లేదు. ఎండాకాలంలో పెళ్ళయింది.

తమ్ముడు పదో తరగతి తర్వాత చదవలేదు. దిగపహండిలో ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేసే పని నేర్చుకున్నాడు. కూర్చుని చేసే పని, మోటారుకి రాగి తీగ చుట్టడం. వాడి చేతిలో చుట్టు మీద చుట్టు ఎంత నేర్పుగా పడేదో. నొప్పులు వస్తూనే ఉండేవి. కొన్నిసార్లు పెద్దాసుపత్రిలో చేరేవాడు. ప్రతిసారీ అమ్మ ఇంట్లో తయారుచేసిన ఇసుక మూట తెచ్చేది, నర్సులు వద్దన్నా.

వాడు ముప్ఫై దాటాక డాక్టరు ఒక క్యాప్సూలు మొదలుపెట్టాడు. అదెలా పనిచేస్తుందో వాడు నన్నడిగాడు. అమ్మ కూడా అక్కడే ఉంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుందని చెప్పాను. దాని రాత వేరు, దాంట్లో ఏ తప్పూ లేదు. పుట్టిన కొన్ని నెలలకి కణాలు ఆ రాతని చదవడం దాదాపు మానేస్తాయి. చెరిపెయ్యవు, ఊరికే పక్కన పెడతాయి. ఈ మందు దాన్ని మళ్ళీ కొంత చదివిస్తుంది. ఆ హిమోగ్లోబిన్ కలిసిన కణం అంత సులువుగా వంకర తిరగదు.

"అంటే కడుపులో ఉన్నప్పటి రగతం నాకు మల్లీ ఒత్తాదా?"

"కొంత."

అమ్మ వాడి పాదం మీద చెయ్యి వేసింది. "అప్పుడు నీకు ఏ బాదా నేదురా బావూ. తెగ తన్నీవోడివి."

మందు వాడికి బాగా పడింది. రక్తం తరచు చూపించుకోవాలి, అయినా నొప్పులు అరుదైపోయాయి. ముప్ఫై అయిదో ఏట పెళ్ళి చేసుకున్నాడు. పిల్లను చూడడానికి వెళ్ళినప్పుడు తన జబ్బు పేరు సరిగ్గా పలికి, తనే అంతా చెప్పాడట. ఆ అమ్మాయి రక్తం చూపించుకుంది, ఆమెలో తప్పు లేదు. వాళ్ళకొక కూతురు. నాలాగే ఒక ప్రతి మోస్తోంది, హాయిగా ఉంది. మామ్మ ఆ పిల్లని చూడకుండానే పోయింది. అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు. ఆ పిల్ల వాళ్ళిద్దరినీ చెరో చేత్తో పట్టుకుని నడిపిస్తుంది.

కిందటేడు ఎండాకాలం మొదట్లో తమ్ముడు పరీక్షల కోసం బరంపురం వచ్చాడు. అన్నీ బాగున్నాయన్నారు. కూతురు సముద్రం చూస్తానని మారాం చేస్తే, అందరం గోపాలపురం వెళ్ళాం. చన్నీళ్ళంటే వాడికి పుట్టినప్పటి నుంచీ నిషేధం. గంజాంలో పుట్టి నలభై దాటినా ఎప్పుడూ ఆ నీళ్ళలో కాలు పెట్టలేదు. మధ్యాహ్నం ఎండకి ఇసుక కాలుతోంది. అంచున పల్చగా పరుచుకున్న నీళ్ళు కూడా వేడెక్కాయి. పిల్ల వాడి వేలు పట్టుకుని లాగింది. వాడు నా వైపు చూశాడు. నేను ముందు వంగి చేత్తో నీళ్ళు తాకి చూసి, తలూపాను.

వాడు పంట్లాం మడుచుకుని చీలమండల దాకా దిగాడు. అల వచ్చి వెళ్ళింది. కాళ్ళ కింద ఇసుక జారుతుంటే పడిపోతానేమో అని కూతురి భుజం పట్టుకున్నాడు. అది పకపకా నవ్వింది.

"అప్పా, సల్లగా నేవే" అని అరిచాడు. "నువ్వూ రా."

చెప్పులు విడిచి నేనూ దిగాను.